ఒక చేతి బండి

పోయిన వారం వదినామరదళ్ళిద్దరినీ పాత కార్ల షెడ్డు గేటు ముందు నిలబెట్టి వచ్చాం. ఎండ ఎక్కుతోంది. మరదలి చెప్పు తెగింది. ఆశ మాత్రం ఇంకా తెగలేదు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళకి రెండు ముక్కలు. వదిన డ్రైవింగ్ టీచరు. పాత స్కూల్లో యజమాని అరుపులు పడలేక బయటికి వచ్చేసింది. మరదలు బ్యూటీ పార్లరు నడుపుతోంది. ఆ పార్లరు కుర్చీలో కూర్చున్న ప్రతి ఆడమనిషీ, "కారు నేర్చుకోవాలనే ఉంది గానీ ఆ క్లచ్చూ గేర్లూ అంటేనే గుండె దడ" అనేది. వినీ వినీ మరదలికి ఒకరోజు బుర్రలో దీపం వెలిగింది. గేర్లు వాటంతట అవే మారే కారు ఒకటి కొంటే, వదిన నేర్పితే, ఆడవాళ్ళకే ఒక డ్రైవింగ్ స్కూలు అయిపోతుంది కదా! బోర్డు రాయించారు. పేర్లు కూడా వచ్చేశాయి. అన్నీ వచ్చాయి, కారు ఒక్కటే రాలేదు. సోమవారం ఇన్‌స్పెక్టరు వచ్చి బండి చూస్తాడు. బండి లేకపోతే పర్మిషన్ లేదు. పర్మిషన్ లేకపోతే వదిన మళ్ళీ ఆ పాత యజమాని గుమ్మం ఎక్కాలి. "ఎక్కడికి పోతుందిలే, నా దగ్గరికే వస్తుంది" అని ఆయన అందరితో అంటున్నాడు కూడా.

ఇవాళ శుక్రవారం.

అప్పటికి చూసిన బండ్లన్నీ తన్నేశాయి. ఒకదాంట్లో సెంటు వాసన గుప్పుమంది. దాని కింద బూజు వాసన. ఇంకోదాని తలుపు వేస్తే రేకు డబ్బా మూత పడ్డట్టు మోగింది. మూడోదాని బానెట్ మీద చెయ్యి పెట్టి వదిన ఠక్కున వెనక్కి తీసుకుంది. వెచ్చగా ఉంది. వీళ్ళు వచ్చేలోపే స్టార్టు చేసి వేడెక్కించి పెట్టారు. అలాంటి బండి జ్వరం మాత్ర మింగి డాక్టరు దగ్గరికి వచ్చిన రోగి లాంటిది. అప్పటికి బాగానే ఉంటుంది. ఇంటికి వెళ్ళాకే వణుకు.

"నన్ను మీ అన్నయ్యకి చేసుకున్నప్పుడు కూడా మీవాళ్ళు ఇన్ని పరీక్షలు పెట్టలేదే" అంది వదిన, గేటు తోస్తూ.

"నువ్వు మాత్రం పెట్టావా? పెట్టుంటే మా అన్నయ్య పాసయ్యేవాడా?" అంది మరదలు, తెగిన చెప్పు ఈడ్చుకుంటూ.

షెడ్డు బ్రోకరు ఎదురొచ్చాడు. చేతిలో పసుపు గుడ్డ. మాట్లాడుతున్నంత సేపూ పక్కనున్న బండిని ఆ గుడ్డతో రుద్దుతూనే ఉంటాడు. కనబడ్డ దానికల్లా మెరుగు పెట్టడం అతని అలవాటు, బండికైనా మాటకైనా. మరదలు చూసీ చూడగానే అతనికి 'మైనం' అని పేరు పెట్టేసింది.

"మేడమ్, మీరు పదకొండింటికి కదా వస్తామన్నారు?"

"పని తొందరగా అయిపోయింది" అంది వదిన.

అబద్ధం. ముందే వచ్చి చల్లటి ఇంజను చూడాలని వచ్చింది. మైనం చూపించిన బండి బానెట్ మీద అరచెయ్యి ఆన్చింది. రాయిలా చల్లగా ఉంది. వదిన గుండె కొంచెం ముందుకి జరిగింది.

లేత బూడిద రంగు బండి. చిన్నది. గేర్లు వాటంతట అవే మారేది. ఈ ఊళ్ళో అలాంటిది పాతది దొరకడమే గగనం.

"ఒక చేతి బండి మేడమ్!" అన్నాడు మైనం, గుడ్డ తిప్పుతూ. "ఒక్కటే చెయ్యి. రెండో చెయ్యి పడలేదు."

"ఏ చెయ్యి?" అంది మరదలు.

"అంటే మేడమ్, ఓనరు ఒక్కరే అని. కొన్న దగ్గర్నుంచీ ఆయనే నడిపాడు. ఆయనొక పెద్ద మాస్టారు. రిటైరైపోయాడు. రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుని, సైకిళ్ళకి కూడా దారిచ్చి, బస్సుల వెనకే పోయేవాడు. బండికి కోపం అంటే ఏంటో తెలీదు."

"మాస్టారిని ఒకసారి చూడొచ్చా?" అంది వదిన.

"ఊళ్ళో లేడు మేడమ్. కూతురింటికి వెళ్ళాడు."

వదిన బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. కాగితాల కంటే ముందు బండిని చదవాలి అని ఆమె పద్ధతి. కాగితాలు మనుషులు రాస్తారు. బండి మీద రాసేది రోడ్డు.

మరదలు ఇంకో వైపు నుంచి తిరిగింది. ఆమెకి కార్ల గురించి ఏమీ తెలియదు. రంగుల గురించి తెలుసు. తలుపు తెరిచి, అంచునున్న నల్ల రబ్బరు పట్టీని వేళ్ళతో మడిచి లోపలికి చూసింది.

"ఏంటి మేడమ్ చూస్తున్నారు?"

"జుట్టుకి రంగేసుకున్న వాళ్ళు ఎంత జాగ్రత్తగా వేసుకున్నా చెవి వెనకాల మరక ఉంటుంది. ఇది మీ బండి చెవి."

నాలుగు తలుపుల చెవులూ చూసింది. మరకల్లేవు. "వదినా, పుట్టు రంగే" అని కేక పెట్టింది. వదిన తల పైకెత్తకుండానే నవ్వింది. దెబ్బ తగలని బండి, మళ్ళీ రంగెయ్యని బండి. గుండె ఇంకో అడుగు ముందుకి వేసింది.

అప్పుడు డిక్కీ తెరిచింది.

శుభ్రంగా ఊడ్చి ఉంది. కింద పరిచిన చాప ఎత్తింది. స్టెపినీ టైరు పక్కన గుంటలో, మూలకి, ఒక మొక్క. రెండే రెండు ఆకులు. గోరంత ఉంది. డిక్కీ మూత సందులోంచి వచ్చే వెలుతురు వైపు మెడ వంచుకుని నిలబడి ఉంది.

ఇద్దరూ ఒంగి చూశారు.

"బండితో పాటు తోట కూడా ఇస్తారా?" అంది మరదలు.

మైనం మొహం పసుపు గుడ్డ కంటే పాలిపోయింది. "గాలికొచ్చి పడ్డ విత్తనం అయ్యుంటుంది మేడమ్."

వదినకి మాత్రం నవ్వు రాలేదు. మొక్క మొలిచిందంటే తడి ఉంది. తడి ఎక్కడిది? వరద నీళ్ళలో మునిగిన బండ్లని తుడిచి, ఆరబెట్టి, ఇలాగే రుద్ది అమ్ముతారు. పైకి పెళ్ళికూతుర్లా ఉంటాయి. ఏడాది తిరక్కుండా లోపలి వైర్లన్నీ కుళ్ళిపోతాయి. వదిన గబగబా ముందు సీటు దగ్గరికి వెళ్ళి సీటు బెల్టు పట్టుకుని లాగింది. సగం కాదు, చివరంటా లాగింది. తుడిచేవాళ్ళు బయటికి కనబడేంత బెల్టే తుడుస్తారు. లోపల చుట్టుకున్నది ఎవరూ తుడవరు. మునిగిన బండి అయితే అక్కడ బురద గీత దొరికిపోతుంది.

గీత లేదు. నాలుగు బెల్టులూ లాగింది. చివరిదాకా శుభ్రం. డిక్కీలో తడి ఉంది గానీ బండి మునగలేదు. అంటే ఎవరో డిక్కీలో నీళ్ళూ మట్టీ మోసుంటారు. మాస్టారికి మట్టితో ఏం పని?

"ఒక రౌండు వేద్దాం" అంది వదిన.

"ఇక్కడిక్కడే మేడమ్. సందు చివరిదాకా వెళ్ళి వచ్చేద్దాం" అంటూ మైనం ముందు సీటు తలుపు మీద చెయ్యి వేశాడు.

"నాకు వెనక కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి" అంటూ మరదలు అతని చంక కిందనుంచి దూరి ముందు సీట్లో కూలబడింది.

మైనం వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు.

వదిన స్టార్టు చేసింది. ఒక్క తిప్పుకే అందుకుంది. దగ్గు లేదు, వణుకు లేదు. పాలు కాగుతున్నట్టు సన్నటి శబ్దం. ఆ శబ్దం వినగానే ఆమెకి తన బోర్డు కళ్ళ ముందు కదిలింది. బండి తలమీద ఆ బోర్డు, పక్క సీట్లో తను, స్టీరింగ్ ముందు భయం భయంగా కూర్చున్న మొదటి ఆడమనిషి. సోమవారం. ఈ బండి అయితే సోమవారం గట్టెక్కేస్తుంది. లోపల పొంగుతున్నదంతా కిందకి నొక్కి పెట్టింది. ఎందుకంటే బండి నచ్చిన క్షణం నుంచే కళ్ళు పనిచెయ్యడం మానేస్తాయి. ఆ సంగతి ఆమెకి తెలుసు.

అప్పుడే చేతులకి తగిలింది.

డ్రైవింగ్ నేర్పేవాళ్ళు రోడ్డు కంటే పక్కవాళ్ళ చేతుల్ని ఎక్కువ చూస్తారు. అది వాళ్ళ బతుకు. ఎవరు ఎక్కడ పట్టుకుంటారో, భయపడితే ఏ వేలు తెల్లబడుతుందో వదినకి కంఠతా వచ్చు. ఈ స్టీరింగ్ ఎడమ వైపు తోలు అరిగి, నునుపెక్కి, నాలుగు వేళ్ళ గుంతలు పడి ఉంది. కుడి వైపు? కొన్న రోజున ఎలా ఉందో అలాగే గరుగ్గా ఉంది.

రెండు చేతులా పట్టుకునేవాడన్నారే మాస్టారు!

ఒకే వైపు అరగడానికి ఆమెకి తెలిసిన కారణం ఒకటే. బండి పక్కకి లాగుతూ ఉండాలి. లాగుతున్న బండిని నడిపేవాడు రోజూ ఇటువైపు పట్టి గుంజుతూ ఉండాలి. గుద్దుకుని అడుగు వంకరపోయిన బండే అలా లాగుతుంది. పుట్టు రంగుతోనే ఉన్నా అడుగు వంకరపోయి ఉండొచ్చు.

సందు మలుపులో ఎవరో వాకిలి కడిగిన నీళ్ళు రోడ్డు మీద నిలిచి ఉన్నాయి. వదిన బండిని తిన్నగా ఆ నీళ్ళలోంచి పోనిచ్చి, ఆపి, దిగింది. తడిసిన చక్రాల జాడలు పొడి రోడ్డు మీద చూసింది. అడుగు వంకరైతే వెనక చక్రాలు ముందు చక్రాల దారిన రావు. పక్కకి జరిగి నడుస్తాయి. నాలుగు జాడలు పడతాయి.

రెండే జాడలున్నాయి. వెనకవి ముందు వాటి మీదనే పడ్డాయి. కుట్టు మిషను మీద కుట్టినట్టు తిన్నగా ఉన్నాయి.

తిరిగొచ్చి కూర్చుంది. అర్థం కాలేదు.

"ఏమైంది వదినా? మొహం అలా పెట్టావు?"

"బండి వంకర లేదు. మరి స్టీరింగ్ ఒక పక్కే ఎందుకు అరిగింది?"

మరదలు తల అటు తిప్పి చూసి, ఏ ఆలోచనా లేకుండా అనేసింది. "మొదట్లోనే చెప్పాడుగా ఒక చేతి బండి అని! ఒక చేత్తోనే నడిపారేమో."

మరదలు నవ్వింది. వెనక సీట్లో మైనం నవ్వలేదు.

వదిన అద్దంలోంచి అతన్ని చూసింది. తరవాత తన కుడి చేతిని స్టీరింగ్ మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎడమ చెయ్యి ఒక్కటీ ఉంచింది. నాలుగు వేళ్ళూ ఆ నాలుగు గుంతల్లో కూర్చున్నాయి. తన చెయ్యి అనిపించలేదు. ఎవరిదో చెయ్యి కింద ఉన్నట్టు, తన చెయ్యి దాని మీద ఉన్నట్టు అనిపించింది. తాళం చెవి దగ్గర చూసింది. గీతలన్నీ ఎడమ పక్కన. తలుపు లోపలి హ్యాండిల్ చూసింది. మధ్యలో వేలెడు వెడల్పున చుట్టూ ఒక నునుపు గీత. అక్కడ ఏదో పట్టీ కట్టుండేది. ఎడమ చెయ్యి అడ్డంగా చాచి తలుపు లాక్కోవాలంటే కుడి వైపు హ్యాండిల్ అందదు. పట్టీ కావాలి.

మళ్ళీ అద్దం వైపు తిరిగింది.

"ఏమండీ" అంది అద్దంలోకి. "మీ మాస్టారు ఏ చేత్తో రాసేవాడు?"

"కుడి చేత్తోనే మేడమ్. అందరి లాగే."

"అబద్ధమాడితే ఆడారు, కాస్త చెయ్యి చూసుకుని ఆడండి."

"మేడమ్, బండి వెనక్కి తిప్పండి. షెడ్డులో వేరే పార్టీ వెయిటింగు."

పెట్రోలు ముల్లు అడుక్కి తాకుతోంది. ఎదురుగా బంకు. వదిన బండిని బంకులోకి తిప్పింది.

బంకులో పనిచేసే నడివయసు మనిషి దూరం నుంచే పరుగెత్తుకొచ్చాడు. అడక్కుండానే పెట్రోలు మూత తీశాడు. గుడ్డ తీసి ముందు అద్దం తుడవడం మొదలుపెట్టి, అద్దంలోంచి లోపలికి చూసి ఆగిపోయాడు.

"అక్క రాలేదా?"

"ఏ అక్క?" అంది మరదలు.

"మొక్కలక్క. ఇది ఆవిడ బండే కదా! శబ్దం వినే గుర్తుపట్టా. ఆవిడకి ఇబ్బంది గదా అని అద్దం నేనే తుడుస్తా రోజూ. వంట్లో బాగాలేదా?"

మరదలు వెనక్కి తిరిగింది. "మాస్టారికి కూతురే కాదు, మొక్కలు కూడా పుట్టాయే!"

"మాస్టారి చెల్లెలు మేడమ్ ఆవిడ" అన్నాడు మైనం.

"ఎక్కడుంటారు మొక్కలక్క?" అంది వదిన.

"గుట్ట మీద. మొక్కల తోట. ఇలా తిన్నగా వెళ్ళి..." అంటూ చెయ్యి చాచాడు.

"గుట్ట వైపు వద్దు మేడమ్!" మైనం ఒక్క గెంతుకి ముందుకి వంగాడు. "రోడ్డు బాగోదు. ఎత్తు. పల్లం. బండికి మంచిది కాదు. ఆపండి, నేను దిగుతా. నా బండి నాకిచ్చెయ్యండి."

వదిన బండి కదిలించింది. గుట్ట వైపే.

"ఆపమంటున్నానా!"

"చూడండి" అంది వదిన, రోడ్డు మీద నుంచి కళ్ళు తియ్యకుండా. పాఠం చెప్పే గొంతు అది. ఆ గొంతు వింటే ఎంత మొండి వాళ్ళయినా నడుము తిన్నగా పెట్టుకుని కూర్చుంటారు. "నా బండిలో కూర్చున్న వాళ్ళు నాకు చెప్పరు. నేను వాళ్ళకి చెప్తాను. బెల్టు పెట్టుకోండి."

మైనం బెల్టు పెట్టుకున్నాడు.

మరదలు పమిట నోట్లో కుక్కుకుంది, నవ్వు ఆపుకోలేక.

బండి గుట్ట ఎక్కుతుంటే వదినకి లోలోపల కేరింత. ఎంత ఎత్తు వచ్చినా రొప్పడం లేదు. గేరు తనే దించుకుంటోంది, తనే ఎక్కించుకుంటోంది. ఎవరో ఈ బండిని కన్నబిడ్డలా చూసుకున్నారు. అలాంటి మనిషి ఎందుకమ్ముతోంది? ఆ మనిషిని ఇతను ఎందుకు దాస్తున్నాడు? దాచాడంటే చెప్పకూడనిది ఏదో ఉంది. అది తెలియకుండా రేపు ఈ సీట్లో ఎవరో ఇంటి ఇల్లాలిని ఎలా కూర్చోబెడుతుంది?

గుట్ట మీద గేటు తెరిచే ఉంది. వరసలు వరసలుగా నల్ల సంచుల్లో మొక్కలు. బండి శబ్దం వినగానే ఒకావిడ నీళ్ళ గొట్టం కింద పడేసి లేచింది. యాభై దాటిన మనిషి. ఎండకి కాలిన మొహం. కుడి చొక్కా చెయ్యి మోచేతి దగ్గరికి మడిచి పిన్నుతో పెట్టి ఉంది. అక్కడితో ఆ చెయ్యి అయిపోయింది.

ఆవిడ వీళ్ళని చూడలేదు. తిన్నగా బండి దగ్గరికి వచ్చి బానెట్ మీద ఎడమ చెయ్యి వేసింది. తరవాత వెనక సీటు వైపు వంగింది.

"ఏమయ్యా, చెప్పావా వీళ్ళకి?"

మైనం ఆకాశం వైపు చూశాడు.

"ఏం చెప్పాలి?" అంది వదిన, దిగుతూ.

"చెప్పలేదన్నమాట. కొనేవాళ్ళెవరైనా ముందు నా దగ్గరికి తీసుకురా, నేనే చూపిస్తాను, ఆ తరవాతే బేరం అని మరీ మరీ చెప్పి పంపాను. నువ్వే తీసుకొచ్చావా ఇప్పుడు?"

"ఈయనెక్కడ తెచ్చాడండీ, మేమే ఈయన్ని తెచ్చాం" అంది మరదలు. "రిటైరైన మాస్టారని చెప్పాడు మిమ్మల్ని."

మొక్కలక్క పగలబడి నవ్వింది. "మాస్టారా! మూడో క్లాసు కూడా దాటలేదు నేను. మరి నన్నెలా పట్టుకున్నారు?"

"మీ చెయ్యి చెప్పింది" అని వదిన తలుపు తెరిచి స్టీరింగ్ ఎడమ వైపు గుంతలు చూపించింది.

ఆవిడ ఒంగి చూసింది. తన వేళ్ళు వాటి మీద పెట్టి చూసుకుంది. ఎప్పుడూ గమనించనట్టుంది.

"ఇన్నాళ్ళూ నా లేని చేతిని చూసిన వాళ్ళే గానీ ఉన్న చేతిని చూసిన వాళ్ళు లేరమ్మా" అంది.

వదినకి ఇక ఆగలేదు. పొద్దుటి నుంచి నొక్కి పెట్టిందంతా ఒక్కసారి పొంగింది. స్కూలు సంగతి, బోర్డు సంగతి, సోమవారం ఇన్‌స్పెక్టరు సంగతి గబగబా చెప్పేసింది. "నాకీ బండి కావాలి అక్కా! చిన్నప్పుడు బొమ్మ కోసం కూడా ఇలా అడగలేదు."

"ఆడవాళ్ళకి నేర్పుతావా?" మొక్కలక్క కళ్ళు మెరిశాయి. "నాకు నేర్పేవాళ్ళు దొరక్క గుట్ట మీద గొడ్డులా గుద్దుకుంటూ నేర్చుకున్నాను. ఈ బండి నీ దగ్గరికి వస్తే నాకంటే సంతోషపడే వాళ్ళుండరు. కానీ కావాలని ఇప్పుడే అనకు. ముందు దిగువ చూడు. చూశాక కూడా కావాలంటే అప్పుడను."

"దిగువ ఏముంది?"

"నోటితో చెప్తే ఎవరూ నమ్మలేదు. ఏ మెకానిక్కు షెడ్డుకి తీసుకెళ్ళినా బాగానే ఉందంటారు. డాక్టరు ముందు కూర్చోగానే మాయమయ్యే నొప్పి చూడు, అలాంటిది. ఎక్కండి."

వదిన పక్క సీట్లోకి వెళ్ళింది. మరదలు వెనక్కి వెళ్ళబోతే మైనం గబాలున దిగిపోయాడు.

"మీరు రారా?" అంది మరదలు.

"నేను... నడిచొస్తాను మేడమ్. డాక్టరు నడవమన్నాడు."

వదిన అది విని మరదలి కళ్ళలోకి చూసింది. మరదలు బెల్టు పెట్టుకుని, మళ్ళీ లాగి చూసుకుంది.

మొక్కలక్క ఒక చేత్తో స్టార్టు చేసింది. అదే చేత్తో గేరు, అదే చేత్తో స్టీరింగ్. ఎక్కడా తొట్రుపాటు లేదు. వదిన తన ఉద్యోగంలో అంత నున్నటి చెయ్యి చూడలేదు. బండి తోట వెనక గేటు దాటి పాత దారి పట్టింది. ఎవరూ రాని దారి. సన్నగా, వాలుగా, కిందనున్న మూతపడ్డ గోడౌను దాకా దిగుతుంది. అక్కడ నేల సమంగా పరుచుకుని ఉంటుంది.

"చూస్తూ ఉండు" అని మెల్లగా దిగుతూ బ్రేకు తొక్కింది. వదిలింది. మళ్ళీ తొక్కింది. మలుపు మలుపుకీ అంతే. "ఇప్పుడు గట్టిగా ఉంది. ఇదిగో, ఇప్పుడూ గట్టిగానే ఉంది. ఇప్పుడు వేడెక్కింది చూడు. నా కాలు చూడు."

వదిన చూసింది. ఆవిడ పాదం బ్రేకు మీద ఉంది. నొక్కుతోంది. బ్రేకు కింద ఏ అడ్డూ లేనట్టు, వాన తరవాత మడి మట్టిలో కాలు దిగబడినట్టు, పాదం అలా కిందకి జారిపోతోంది. బండి మాత్రం ఆగడం లేదు.

"షెడ్డులో వాళ్ళు చల్లటి బండిని చూస్తారు. అప్పుడు రాయిలా ఉంటుంది. వేడెక్కి పల్లంలో ఉంటేనే ఇలా. రోజూ రాదు. అదే దీని మాయ. రెండు చేతులున్న వాళ్ళయితే ఒకటి స్టీరింగ్ మీద, ఒకటి హ్యాండ్ బ్రేకు మీద. నాకు ఏదో ఒకటే. అందుకే అమ్ముతున్నాను. కడుపు కోసుకున్నట్టుంది." ఆవిడ గొంతు ఎక్కడా వణకలేదు. "భయపడకు. కింద నేల సమం. ఊరికే వదిలేస్తే అదే పోయి పోయి ఆగుతుంది. ఎన్నోసార్లు చూశాను."

"ఇది బాగవుతుంది!" వదిన సీట్లో ఎగిరింది. భయం కంటే ముందు సంతోషమే వచ్చింది. జబ్బేంటో తెలిసింది! దాచిన జబ్బుకే గదా భయపడాలి. "బ్రేకు నూనె పాతబడిపోయుంటుంది, లేకపోతే దాన్ని తోసే పంపు అరిగుంటుంది. రేపు మా మెకానిక్కు దగ్గర వేడెక్కించి మరీ చూపిద్దాం అక్కా! శనివారం బాగైతే సోమవారం..."

"వదినా" అంది మరదలు.

"ఉండవే. సోమవారం పొద్దున్నే..."

"వదినా, ముందు చూడు!"

ఆఖరి మలుపు తిరిగింది బండి. మూతపడ్డ గోడౌను గేటు మూసి లేదు. రెండు రెక్కలూ తెరిచి ఉన్నాయి. ఆ గేట్లోంచి ఒక నీళ్ళ ట్యాంకరు వెనక్కి వెనక్కి వస్తోంది. వెనక భాగం అప్పటికే దారికి అడ్డం పడింది. డ్రైవరు తల అవతలి అద్దం వైపు ఉంది.

మొక్కలక్క కుడి మోచేతితో హారన్ నొక్కింది. ట్యాంకరు హోరులో అది వినబడలేదు. పాదం బ్రేకు మీద అడుగంటా దిగిపోయి ఉంది. బండి పల్లం చివరి వేగంతో దూసుకుపోతోంది. ట్యాంకరుకీ గోడకీ మధ్య ఒక సందు ఉంది. బండి పట్టేంత సందు. ట్యాంకరు ఇంకా వెనక్కి వస్తే అదీ ఉండదు.

వదిన కుడి కాలు తనకి తెలియకుండానే కింద ధన్ మని తొక్కింది. నేర్పే బండ్లలో పక్క సీటు కింద ఇంకో బ్రేకు ఉంటుంది. ఇది నేర్పే బండి కాదింకా. కాలికి చాప తగిలింది.

"ఇది పరీక్షా, నిజమా?" మరదలు కేక పెట్టింది.

మొక్కలక్క వదిన వైపు ఒక్కసారి తిరిగింది. అంత వేగంలోనూ ఆ మొహంలో ఒక వెలుగు. ఆవిడ ఎడమ చెయ్యి స్టీరింగ్‌ని వదిలేసి హ్యాండ్ బ్రేకు మీద పడింది.

"పట్టుకో టీచరమ్మా! నాకు చెయ్యి ఖాళీ లేదు!"